లెక్క 31 శాతం అంది, నీరు 60 రోజులకే వచ్చేసింది: పొరల రిజర్వాయర్‌లో ఒక వాటర్‌ఫ్లడ్ కేస్ స్టడీ

నేపథ్యం

ఇది భూతలం మీది ఒక పాత చమురు క్షేత్రంలో, నీరు పంపి చమురును తోసే పని (వాటర్‌ఫ్లడ్) జరిగిన ఒకే ఒక్క ప్యాటర్న్, అంటే బావుల అమరిక, కథ. మధ్యలో ఒక ఇంజెక్షన్ బావి, చుట్టూ నాలుగు మూలల్లో నాలుగు ఉత్పత్తి బావులు. క్షేత్రం ఎక్కడిదో, నడిపింది ఎవరో చెప్పడం లేదు. గుర్తు దొరక్కుండా అంకెలను గుండ్రం చేశాం. వాటి మధ్య సంబంధం మాత్రం చెడలేదు కాబట్టి కాల్క్యులేటర్ పట్టుకుని ఎవరైనా సరిచూసుకోవచ్చు.

లోతు 1,500 మీటర్లు. ఇసుకరాయి ఐదు పొరలు, ఒక్కోటి 2 మీటర్లు, వాటి మధ్య పలచటి షేల్ (నీరు దాటని బంకరాయి). కోర్ (బావిలోంచి తీసిన రాతి నమూనా) నుంచి వచ్చిన పర్మియబిలిటీలు (ద్రవాన్ని పారనిచ్చే గుణం) పై నుంచి కిందికి 400, 160, 80, 40, 20 మిల్లీడార్సీలు. పోరోసిటీ (రాయిలో రంధ్రాల వాటా) అన్నిటికీ దాదాపు 20 శాతం. ఇంజెక్షన్ బావికీ ఉత్పత్తి బావికీ దూరం 250 మీటర్లు, అంటే ప్యాటర్న్ వైశాల్యం 1,25,000 చదరపు మీటర్లు, రంధ్ర పరిమాణం 2,50,000 ఘనపు మీటర్లు. మొదట్లో నీటి శాతం 25, చమురు ఫార్మేషన్ వాల్యూమ్ ఫ్యాక్టర్ (ఉపరితలంలో ఒక ఘనపు మీటరు చమురు భూమి లోపల ఆక్రమించే చోటు) 1.25. ఆ లెక్కన భూమి లోపల ఉన్న చమురు 1,50,000 ఘనపు మీటర్లు (ఉపరితల కొలత).

వాటర్‌ఫ్లడ్ మొదలయ్యేనాటికి అందులో 12 శాతం కరిగిన గ్యాస్ ఒత్తిడి మీదే బయటికి వచ్చేసింది. రిజర్వాయర్ ఒత్తిడి 150 నుంచి 90 కేజీ/చ.సెం.మీ.కు దిగింది, ఫ్యాక్టర్ 1.18కి తగ్గింది. మిగిలిన 1,32,000ను 1.18తో హెచ్చవేసి రంధ్ర పరిమాణంతో భాగిస్తే చమురు 62.3 శాతం, నీరు 25, మిగతా 12.7 శాతం గ్యాస్. అంటే 31,740 ఘనపు మీటర్ల ఖాళీ. పంపిన నీరు ముందు ఈ ఖాళీని నింపాలి, చమురు కదలిక ఆ తర్వాతే కనిపిస్తుంది. ఈ అంకె చివరిదాకా అవసరం పడుతుంది.

మొదటి అంచనా ఎలా వేశారు

పొరల రిజర్వాయర్‌కు చేతి లెక్క పద్ధతులు రెండు పాతవి, ఇప్పటికీ పనికొచ్చేవి: 1949 నాటి స్టైల్స్ పద్ధతి, 1950 నాటి డైక్‌స్ట్రా-పార్సన్స్ పద్ధతి. రెండింటిలోనూ ప్రతి పొరా విడి గొట్టం. ఒక పొర నుంచి ఇంకో పొరకు నీరు దాటదు, నీరు పిస్టన్‌లా చమురును తోస్తుంది. స్టైల్స్‌లో నీటి ముందంచు వేగం పర్మియబిలిటీకి అనులోమం, అంతే. డైక్‌స్ట్రా-పార్సన్స్‌లో నీరు నిండిన భాగానికీ చమురు భాగానికీ ప్రతిఘటన వేరు. కాబట్టి మొబిలిటీ నిష్పత్తి (చమురుతో పోలిస్తే నీరు ఎన్ని రెట్లు తేలిగ్గా పారుతుందో) ఒకటి దాటితే వేగంగా ఉన్న పొర ఇంకా వేగం పుంజుకుంటుంది.

మొదటి బృందం మొబిలిటీ నిష్పత్తిని 1 అనుకుంది. నీటి సాపేక్ష పర్మియబిలిటీ 0.25, స్నిగ్ధత 0.5 సెంటీపాయిజ్, చమురుకు 0.8, 1.6. నిష్పత్తి సరిగ్గా 1. అప్పుడు స్టైల్స్ చాలు. 400 పొరలోంచి నీరు బయటపడే సమయానికి నిలువు కవరేజ్ (మొత్తం మందంలో నీరు తాకిన వాటా) 35 శాతం, వాటర్‌కట్ (ఉత్పత్తయ్యే ద్రవంలో నీటి శాతం) 57. 160 పొర వంతు వచ్చేసరికి 57.5 శాతం, వాటర్‌కట్ 80. 80 పొరకు 75 శాతం, వాటర్‌కట్ 91. 40 పొరకు 90 శాతం, వాటర్‌కట్ 97. ఆర్థిక పరిమితి 95 శాతం వాటర్‌కట్ కాబట్టి కవరేజ్ 0.90 తీసుకున్నారు. ఏరియల్ స్వీప్ (ప్యాటర్న్ వైశాల్యంలో నీరు తాకే వాటా) జాగ్రత్త కోసం 0.85. మొత్తం స్వీప్ 0.765.

స్వీప్ నుంచి చమురుకు వెళ్లేటప్పుడు చాలామంది తప్పు చేసే చోట ఈ బృందం తప్పు చేయలేదు. నీరు తాకిన చోట చమురు 62.3 నుంచి 30 శాతానికి దిగుతుంది, లాభం 0.323. నీరు తాకని చోట గ్యాస్ ఖాళీలోకి ఈ కదిలిన చమురే వెళ్లి కూర్చుంటుంది, నష్టం 0.127. రెండూ కలిపితే రంధ్ర పరిమాణంలో రాబడి = 0.45 × స్వీప్ − 0.127. స్వీప్ 0.765 అయితే 46,000 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 31 శాతం అదనం. ఇదే సూత్రం ఇంకో సంగతి కూడా చెబుతుంది: స్వీప్ 0.28 దాటకపోతే అదనపు చమురు ఒక్క చుక్క రాదు. అలసిపోయిన రిజర్వాయర్‌లో ఆలస్యంగా వాటర్‌ఫ్లడ్ మొదలుపెడితే కట్టాల్సిన జరిమానా అది. (ఈ సూత్రంలో పొరలకు సంబంధించి ఒక లోపం ఉంది. దాని సంగతి కింద.)

ఎదురైన సమస్య

రోజుకు 120 ఘనపు మీటర్లు, వెల్‌హెడ్ ఒత్తిడి 88 కేజీ/చ.సెం.మీ. తో ఇంజెక్షన్ మొదలైంది. 60 రోజులకు రెండు ఉత్పత్తి బావుల్లో నీరు కనిపించింది. ఆరు నెలలకు ఆ రెండింటి వాటర్‌కట్ 92. మిగతా రెండు బావులు పొడిగానే ఉన్నాయి. వాటిలో ఒత్తిడీ పెరగలేదు, ద్రవం రేటూ పెరగలేదు. నీరు వచ్చిన రెండు బావులూ ఇంజెక్షన్ బావికి అటొకటి ఇటొకటి, ఒకే గీత మీద ఉన్నాయి. ఈ చివరి సంగతి నీరు కనిపించిన మొదటి నెల నివేదికలోనే పటం మీద ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ప్రయత్నించినవి, ఫలించనివి

మొదట జరిగింది కాగితం మీది దిద్దుబాటు. కోర్ లెక్క ప్రకారం పర్మియబిలిటీ వైవిధ్య గుణకం (పొరల మధ్య తేడాకు కొలత, సున్నా అంటే తేడా లేదు) 0.70. ఇలాంటి ఇసుకరాళ్లలో ఇది మామూలే. దాన్ని 0.85కు పెంచితే వాటర్‌కట్ వక్రం క్షేత్ర గణాంకాల మీద చక్కగా పడింది. స్వీప్ 0.41కు పడిపోయింది, అదనపు రాబడి 8 శాతం. ‘హిస్టరీ మ్యాచ్ అయింది, రిజర్వాయరే బాగోలేదు, ఫ్లడ్ ఆపేద్దాం’ అన్న సిఫార్సు సిద్ధమైంది. ఈ దశలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: కోర్ 0.70 చెబుతుంటే 0.85 ఎక్కడ కొలిచారు? ఎక్కడా కొలవలేదు. సరిపోయే దాకా తిప్పిన బటన్ అది.

తర్వాత ఈ బ్లాక్ చమురు నమూనా ల్యాబ్ నుంచి వచ్చింది. ముందు వాడిన 1.6 సెంటీపాయిజ్ పక్క బ్లాక్ నుంచి అరువు తెచ్చింది. ఇక్కడి చమురు 4.8. మొబిలిటీ నిష్పత్తి 1 కాదు, 3. డైక్‌స్ట్రా-పార్సన్స్‌తో మళ్లీ వేస్తే 400 పొర బ్రేక్‌త్రూ (నీరు ఉత్పత్తి బావిలో బయటపడటం) నాటికి కవరేజ్ 31 శాతమే, వాటర్‌కట్ మాత్రం ఒక్కసారిగా 77. 80 పొర బ్రేక్‌త్రూ దగ్గరే వాటర్‌కట్ 96 దాటిపోతుంది, అక్కడ కవరేజ్ 71 శాతం. ఏరియల్‌ను 0.80కి తగ్గిస్తే స్వీప్ 0.57, రాబడి 18 శాతం. అంటే 31కీ 18కీ మధ్య తేడా అంతా అరువు స్నిగ్ధత తెచ్చిన తంటా. ఈ దిద్దుబాటు అవసరమే. అయినా 60 రోజుల బ్రేక్‌త్రూను ఇదీ వివరించలేదు.

మూడోది రేటు పెంచడం. ఖాళీ త్వరగా నిండుతుందని 120ని 150 చేశారు. పది రోజుల్లో తడి బావులు ఇంకా తడిశాయి, పొడి బావుల్లో చలనం లేదు, కాబట్టి మళ్లీ 120కే దించారు. నాలుగోది జెల్. క్రోమియం అసిటేట్‌తో క్రాస్‌లింక్ చేసిన పాలీయాక్రిలమైడ్, 5,000 పీపీఎం, 40 ఘనపు మీటర్లు, 400 పొరను మూసేందుకు పంపారు. ఇంజెక్షన్ ఒత్తిడి పెరిగింది, వాటర్‌కట్ కొన్ని వారాలు దిగింది, మళ్లీ యథాస్థితికి వచ్చింది. జెల్ నాసిరకం కాదు. జెల్ తర్వాత కూడా అదే 120 రేటు, అదే ఒత్తిడి కొనసాగించారు. ఎందుకు నిలబడలేదో కింది లెక్క చెబుతుంది.

మలుపు తిప్పిన లెక్క

60 రోజులు × 120 = 7,200 ఘనపు మీటర్ల నీరు. పై పొర ఒక్కదాని రంధ్ర పరిమాణం 50,000. కదిలే చమురు, గ్యాస్ ఖాళీ కలిపి అందులో నీరు ఆక్రమించగల చోటు 45 శాతం, అంటే 22,500. పంపిన నీరంతా ఈ ఒక్క పొరలోకే పోయిందనుకుందాం, మిగతా నాలుగు పొరల్లోకి చెంబెడు కూడా పోలేదనుకుందాం. అయినా ఆ పొరలో 32 శాతమే నిండుతుంది. మొబిలిటీ నిష్పత్తి 3 ఉన్నా ఇలాంటి ప్యాటర్న్‌లో బ్రేక్‌త్రూ నాటి ఏరియల్ స్వీప్ సగం దాకా ఉంటుంది. కాబట్టి ఐదు పొరల పర్మియబిలిటీని ఎలా తిప్పినా 7,200కు నీరు రాదు. వైవిధ్య గుణకం 0.85 కాదు, 0.95 పెట్టినా ఆ వివరణ భౌతికంగా తప్పే. నీరు పొరకన్నా సన్నని దారిలో పోతోంది. రెండు బావులు ఒకే గీత మీద ఉండటం దానికి రెండో సాక్ష్యం. అది చీలిక కావచ్చు, సిమెంట్ వెనక కాలువ కావచ్చు. కాలువ అయితే నీరు ఎదురెదురు దిక్కుల్లో ఇంత పద్ధతిగా పోదు. అయినా సిమెంట్ బాండ్ లాగ్ (బావి గొట్టం వెనక సిమెంట్ పట్టు చూసే కొలత) తీశారు. బాగానే ఉంది.

ఇక్కడినుంచి కొలతలు మొదలయ్యాయి. ముందు చవకైనది: హాల్ ప్లాట్. రోజువారీ ఒత్తిడిని కాలంతో హెచ్చవేసి కూడిన మొత్తం ఒక అక్షం మీద, ఇంజెక్ట్ చేసిన మొత్తం నీరు ఇంకో అక్షం మీద. దీనికి రిజిస్టర్‌లో ఉన్న అంకెలు చాలు. మొదటి 12 రోజులు గీత తిన్నగా, ఆ తర్వాత వాలు తగ్గింది. వాలు పెరిగితే పూడిక, తగ్గితే రాయి చీలడమో నీరు జోన్ బయటికి పోవడమో.

తర్వాత స్టెప్-రేట్ టెస్ట్: రేటును మెట్లుగా పెంచుతూ ఒత్తిడి గీత విరిగే చోటు, అంటే రాయి చీలే చోటు, పట్టడం. బావిని రెండు రోజులు మూసి, 30, 45, 60, 75, 90, 105, 120 రేట్లలో ఒక్కోటి సరిగ్గా గంట. గేజ్ బావి అడుగున పెట్టాలి. పైన పెడితే ట్యూబింగ్ ఘర్షణ కలిసి విరుపు మసకబారుతుంది. మెట్ల కాలం సమానంగా లేకపోయినా అంతే. విరుపుకు రెండు పక్కలా కనీసం మూడేసి బిందువులు లేకపోతే ఆ టెస్ట్‌ను నమ్మకూడదు. ఇక్కడ విరుపు 80 దగ్గర పడింది, అడుగు ఒత్తిడి 218 కేజీ/చ.సెం.మీ. నీటి స్తంభం 150 తీసేస్తే వెల్‌హెడ్‌లో 68. నడుపుతున్నది 88.

మరి 88కి అనుమతి ఎలా వచ్చింది? క్షేత్రం కొత్తగా ఉన్నప్పటి లీక్-ఆఫ్ టెస్ట్ (రాయి చీలడం మొదలయ్యే ఒత్తిడి కొలత) 255 చెప్పింది. అందులో 95 శాతం 242, స్తంభం తీసేస్తే 92. కాగితం మీద లోపం లేదు. కానీ రిజర్వాయర్ ఒత్తిడి దిగితే రాయిని పక్కలనుంచి నొక్కి పట్టే ఒత్తిడి కూడా దిగుతుంది, మామూలుగా ఆ తగ్గుదలలో సగం నుంచి 70 శాతం దాకా. 60 తగ్గింది, 0.6 వంతున 36. 255 నుంచి 36 పోతే 219. స్టెప్-రేట్ చెప్పిన 218కి ఇంత దగ్గరగా రావడం కొంత అదృష్టమే, కానీ దిశ మాత్రం అదృష్టం కాదు. చల్లటి నీరు బావి చుట్టూ రాయిని కుదించి ఆ పరిమితిని ఇంకాస్త దించుతుంది.

చివరగా స్పిన్నర్ లాగ్ (ఏ పొరలోకి ఎంత నీరు పోతోందో చూపే కొలత), రెండు రేట్లలో. రోజుకు 75 దగ్గర పై పొరలోకి 58 శాతం నీరు పోతోంది. పర్మియబిలిటీ-మందం లెక్క ప్రకారం పోవాల్సింది 400/700, అంటే 57. రోజుకు 120 దగ్గర అదే పొరలోకి 78 శాతం. రాయి చీలనంత వరకు కోర్ చెప్పింది నిజం, చీలాక అబద్ధం. కొత్తగా తవ్విన ఒక పక్క బావిలో పొరవారీ ఒత్తిడి కొలిస్తే పై పొర 82, అడుగు పొర 118. ముందు నుంచీ వాడుతున్న ‘సగటు 90’ బిల్డప్ టెస్ట్ (బావి మూసి ఒత్తిడి ఎంతకు పెరుగుతుందో చూడటం) నుంచి వచ్చింది. అది ఎక్కువ పారే పై పొర వైపే మొగ్గుతుంది. ఎక్కువ అలిసిన పొర పైదే కాబట్టి అన్నిటికంటే ముందు చీలేదీ అదే. జెల్ ఎందుకు నిలబడలేదో ఇప్పుడు తేలింది: 88 ఒత్తిడి కింద మూసిన చీలిక పక్కనే ఇంకో దారి తెరుచుకుంటుంది.

నిర్ణయాలు, వాటి వెనక కారణాలు

ఒకే వాటర్‌కట్ వక్రాన్ని రెండు కథలు వివరించాయి, రెండూ చెప్పే పని మాత్రం తలకిందులు. రిజర్వాయర్ చెడ్డదైతే ఆపేయాలి. చీలిక అయితే ఒత్తిడి దించి, బావుల వరసను చీలిక దిశకు సర్దాలి.

వెల్‌హెడ్ ఒత్తిడికి 60 గరిష్ఠం పెట్టారు. రేటు 75కు దిగింది. దీన్ని ఒప్పించడమే కష్టమైంది, ఎందుకంటే నెలవారీ లక్ష్యం ఘనపు మీటర్లలో ఉంటుంది, పొరల్లో కాదు.

చీలిక గీత మీదున్న రెండు తడి బావులను ఇంజెక్షన్‌కు మార్చారు. వాటిలో ఒక్కోటి 25 ఘనపు మీటర్ల ద్రవంలో 2 మాత్రమే చమురు ఇస్తోంది. వదులుకునేది రోజుకు 4. ప్రతిఫలంగా మూడు ఇంజెక్షన్ బావులు చీలిక వెంట వరుసగా నిలుస్తాయి, నీరు చమురును ఆ వరుసకు అడ్డంగా పొడి బావుల వైపు నెడుతుంది. ఇంతకాలం శత్రువైన చీలిక ఇప్పుడు పొడుగాటి ఇంజెక్షన్ బావిలా పనిచేస్తుంది. దిశ నిర్ధారణకు రెండు బావుల గీత ఒక్కటే చాలదనిపించి, పక్క బావి నాలుగు చేతుల కాలిపర్ లాగ్‌లో బ్రేకవుట్లు చూశారు. బావి గోడ రాలే దిశ కనిష్ఠ ఒత్తిడి వైపు ఉంటుంది, చీలిక దానికి లంబంగా పోతుంది. రెండూ సరిపోయాయి.

మధ్య బావిలో ప్యాకర్లు (పొరలను విడదీసే సీళ్లు), సైడ్ పాకెట్ మాండ్రెల్స్ (రెగ్యులేటర్లు కూర్చునే గొట్టపు అరలు), ఫ్లో రెగ్యులేటర్లతో సెలెక్టివ్ ఇంజెక్షన్ స్ట్రింగ్ దింపారు. బాండ్ లాగ్ బాగుండటం ఇక్కడ అసలు అక్కరకొచ్చింది; సిమెంట్ వెనక దారి ఉంటే ప్యాకర్ పెట్టి లాభం లేదు. సహజంగా 43 తీసుకునే పై పొరను 20కి బిగించారు. రెండు, మూడు పొరలకు కలిపి 26. ఒక కోర్‌లో వాటి మధ్య షేల్ కనిపించలేదు కాబట్టి 120 మిల్లీడార్సీల ఒకే పొరగా చూశారు. మొబిలిటీ నిష్పత్తి ఒకటి దాటినప్పుడు పొరల మధ్య నీరు దాటడం స్వీప్‌ను చెడగొడుతుంది, విడి గొట్టాలనుకుంటే అంచనా అనవసరంగా తీపిగా వస్తుంది. నాలుగు, ఐదు పొరలు 6 మాత్రమే తీసుకున్నాయి. ముందు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, తర్వాత మడ్ ఆసిడ్ (హైడ్రోక్లోరిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) ఇచ్చాక 10కి వచ్చాయి. ముందటి దశ ఎగ్గొడితే కార్బొనేట్‌తో కలిసి కాల్షియం ఫ్లోరైడ్ గడ్డకట్టి ఉన్నదీ మూసుకుపోతుంది.

నీటి శుభ్రత గురించి ఒక మాట. రంధ్రాల మెడ వెడల్పు మైక్రాన్లలో సుమారుగా పర్మియబిలిటీ వర్గమూలం అని మోటు లెక్క. పై పొరకు 20, అడుగు పొరకు 4.5. మెడలో మూడో వంతు దాటిన రేణువులు ముఖం దగ్గరే ఇరుక్కుంటాయి. అంటే 3 మైక్రాన్ల మురికి పై పొరలో హాయిగా పోతుంది, అడుగు పొరను పూడుస్తుంది. మురికి నీరు అన్ని పొరలనూ సమానంగా పాడుచేయదు, వైవిధ్యాన్నే పెంచుతుంది. ఫిల్టర్‌ను ఎంచుకోవాల్సింది అన్నిటికంటే బిగువైన పొరను బట్టి.

తిరగరాసిన అంచనా

ఈసారి మొత్తానికి ఒక స్వీప్ పెట్టలేదు. పైన చెప్పిన లోపం ఇదే: 0.45 × స్వీప్ − 0.127 అన్నది ఒకే ఇసుకకు నిజం. షేల్‌తో విడిపోయిన పొరలో నీరు చేరకపోతే దాని గ్యాస్ ఖాళీని పక్క పొర చమురు నింపలేదు. కాబట్టి నష్టం ఆ పొర సొంతం, అదీ సున్నాకు దిగువకు పోదు. మొత్తానికి ఒకేసారి వేస్తే ఎండిన పొరలు తడిసిన పొరల చమురును మింగినట్టు లెక్క తేలుతుంది. ఆపేద్దామన్న సిఫార్సుకు ఆధారమైన 8 శాతంలో కొంత ఇలా వచ్చిందే.

కింది అంచు: పై పొర స్వీప్ 0.55 (ఇప్పటికే చీలికలో నీరు తాగింది), రెండు-మూడు పొరలకు 0.70, నాలుగు-ఐదు సున్నా. రాబడి 21,000 ఘనపు మీటర్లు, 14 శాతం. పై అంచు: 0.65, 0.80, 0.40. రాబడి 31,250, దాదాపు 21 శాతం. మధ్యలో ఒక్క అంకె చెప్పమని అడిగారు, ఇవ్వలేదు.

తొలి స్పందన ఎప్పుడొస్తుందో కూడా ముందే రాసి పెట్టారు. మధ్య బావి 56, మార్చిన రెండు బావుల చెరో 40లో ఈ ప్యాటర్న్ వాటా పావు చొప్పున 20, మొత్తం 76. తొలినాటి నీళ్లు చాలావరకు తడి బావుల్లోంచి తిరిగొచ్చేశాయి కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోలేదు. 31,740ను 76తో భాగిస్తే 418 రోజులు. పొడి బావుల్లో ఒకటి 13వ నెలలో కదిలింది. ద్రవం రోజుకు 8 నుంచి 15కు పెరిగింది, దాదాపు అంతా చమురే. రెండోది మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది.

మూడేళ్ల చివర ఉత్పత్తి కింది అంచు వక్రానికి కాస్త పైన నడుస్తోంది. తేల్చాల్సింది నాలుగు, ఐదు పొరల సంగతి. వాటి రంధ్ర పరిమాణం 1,00,000. అదే 12.7 శాతం ఖాళీ అనుకుంటే 12,700 నింపడానికి రోజుకు 10 చొప్పున మూడున్నరేళ్లు. అవి తక్కువ అలిశాయి కాబట్టి కొంత ముందే నిండవచ్చు. స్పిన్నర్ ఆరు నెలలకోసారి దింపుతున్నారు. కిందటిసారి ఆ రెండు పొరల వాటా 10 నుంచి 7కు జారింది. ఫిల్టర్ కార్ట్రిడ్జ్‌లు మార్చడం రెండు నెలలు ఆలస్యమైందని రిజిస్టర్‌లో ఉంది. ఆ వాటా మళ్లీ 10కి వచ్చేదాకా రిజర్వ్ లెక్కలో ఆ రెండు పొరలకు సున్నానే రాస్తున్నారు.